దారం తూచేవాడు

నా పని చాలా చిన్నది.
నాలుగు వందల చుట్ల పట్టు కండెను
ఇత్తడి త్రాసులో వేసి
సన్నమా, లావా అని చూడటం.
సన్నమైతే ఎర్ర సిరా. లావైనా ఎర్ర సిరా.
సరిగ్గా ఉంటే ఏమీ రాయను.
ఒకాయాలో, సువా సరస్సు ఒడ్డున,
పొగగొట్టాల నీడ కొలిచి పొద్దు చెప్పుకునే ఊళ్లో
ఇరవై రెండేళ్లు ఇదే పని.

అమ్మాయిలు హిదా కొండలు దాటి వచ్చేవారు.
మంచులో ఒకరి నడికట్టు కొస ఇంకొకరు పట్టుకుని
తెగకుండా, పోగులాగా.
బయానా సొమ్ము అప్పటికే
వాళ్ల నాన్నల చేతుల్లో ఖర్చైపోయి ఉండేది.

ఇరవై మూడో తొట్టి దగ్గర సావా.
సలసలకాగే నీళ్లలో వేళ్లు పెట్టి
ఐదు గూళ్ల కొసలు వెతికి పట్టి
కంటికి ఆనని ఒక్క దారంగా కలిపేది.
ఆ వేళ్లు ఉడికిన ముల్లంగులు.
ఒంటినిండా చచ్చిన పురుగుల వాసన.
ఆ పురుగుల్ని సరస్సులో చేపలకు వేసేవాళ్లం,
ఆ చేపల్ని మేం తినేవాళ్లం.

"ఇదంతా ఎక్కడికి పోతుంది గుమాస్తా గారూ?"
యొకొహామాకి.
"ఆ తర్వాత?"
ఓడెక్కి అమెరికా. అక్కడి దొరసానుల మేజోళ్లకి.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది:
"అంత దూరం పోయేది కాళ్లకేనా!"

ఆ తర్వాతది నేను చెప్పలేదు.
మేజోళ్ల డబ్బు బ్యాంకుల్లో చేతులు మారి
ఇంగ్లండు రేవుల్లో ఇనుమై,
ఇనుము ఫిరంగై, మన జెండా కట్టుకుని
నీళ్లమీదికి దిగుతుందని.
నాకూ అప్పటికి సగమే తెలుసు.

ఆ చలికాలం పోర్ట్ ఆర్థర్ గుట్టల మీద
సావా అన్న కిసబురో పోయాడు.
ఎముక రాలేదు. పొట్లం వచ్చింది:
బండెక్కే ముందు కత్తిరించి ఇచ్చిన గోళ్లు, చిటికెడు జుట్టు.
మధ్యాహ్నం గంట కొట్టాక తెచ్చి
నా బల్ల మీద పెట్టింది.
"ఎంత తూగుతాడో చూడండి."
అది దారం కోసం చేసిన త్రాసు.
అయినా తూచాను.
ఒక కండె కన్నా రవ్వంత ఎక్కువ.
తలాడించి తీసుకెళ్లింది.
మళ్లీ గంట కొట్టారు.

మే నెలాఖరున సముద్రంలో గెలిచాం.
యజమాని తలా ఒక ఎర్ర మంజు, ఒక తెల్ల మంజు పంచాడు.
రాత్రి కాగితం లాంతర్లతో ఊరేగింపు.
బడిపంతులు ఇషిగురో బండెక్కి పేపరు చదివాడు:
తెల్లవాడి నౌకాదళాన్ని తూర్పువాడు ముంచాడట,
కలకత్తాలో, కైరోలో కొత్తగా పుట్టిన పిల్లలకి
మన సేనానుల పేర్లు పెడుతున్నారట,
ఇవాళ లోకం మలుపు తిరిగిందట.
నేనూ అరిచాను. గొంతు పోయేదాకా.
అబద్ధమెందుకు, అంత సంతోషం మళ్లీ ఎరగను.
లాంతరు వెలుగులో చూస్తే సావా
తెల్ల మంజు తిని
ఎర్రది చేతిరుమాల్లో మూటకడుతోంది.

ఐదేళ్లకి బళ్లో కొత్త పటం వేలాడదీశారు.
కొరియా మీద కూడా మన ఎర్ర రంగే.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
నేను దగ్గరికెళ్లి చూశాను, నా వృత్తి బుద్ధి:
రంగు ఒకచోట పల్చగా, ఒకచోట ముద్దగా,
అంచు దాటి సముద్రంలోకి పాకి ఉంది.
నా దగ్గరికి వచ్చి ఉంటే
జరిమానా వేసేవాణ్ని.
ఎవరికని వేయను?
కలకత్తా పిల్లలకి ఇప్పుడు ఐదేళ్లు,
ఆ పేర్లతోనే తిరుగుతుంటారు.

ఆ శరత్కాలమే సావా దగ్గు ముదిరింది.
ఒక కూలీ ఆమెను వీపున బల్లకి కట్టుకుని
కొండదారి పట్టాడు, తొలి మంచు పడకముందే.
కనుమ దాటిందో లేదో ఎవరూ చెప్పలేదు,
నేను అడగలేదు.

వెళ్లిన మర్నాడు ఆమె ఆఖరి కండె
నా త్రాసులోకి వచ్చింది.
రెండుసార్లు తూచాను.
సరిగ్గా ఉంది.
ఏమీ రాయలేదు.