పాయింట్స్‌మన్ కొడుకు

కలకత్తాలో మోకాలు కోసేముందు
డాక్టరు వేలితో తడిమి అడిగాడు,
చర్మం కింద ఈ నల్లచుక్కలేందని.
బిట్రగుంట, అన్నా.
అదేదో జబ్బు పేరనుకొని
కాయితం మీద రాసుకున్నాడు.

జబ్బే అనుకో.
లోకో షెడ్డు బూడిద పరిచిన గ్రౌండు మాది.
గడ్డి మొలిచేది కాదు.
పడితే మనిషి లేచేవాడు, తోలు ఆడనే ఉండేది.
మా అమ్మ కొబ్బరినూనె రాసేది గానీ
బొగ్గు అప్పటికే లోపలికి పోయి కాపురం పెట్టింది.
ఆవిరింజన్లు పోయినాయి,
షెడ్డు పైకప్పు పోయింది,
నా కుడిమోకాల్లో ఇంకా
రెండు పలుకుల బొగ్గుంది.

మా నాయన ఇర్మియా, పాయింట్స్‌మన్.
రాత్రి డ్యూటీకి చేతిదీపం మరిచేవాడు కాదు,
అన్నం గిన్నె మరిచేవాడు.
తీసకపోయి ఇచ్చి, నిలబడి చూసేవాణ్ణి.
లివరు లాగితే పట్టా వేలెడు జరిగేది.
ఆ వేలెడుతోనే
మద్రాసు బండి మద్రాసుకి,
గూడ్సు బండి లూపులోకి.
ఏ డ్రైవరూ తల తిప్పి
మా నాయన్ని చూసిన గుర్తు లేదు.

నేను ఎనిమిదో నంబరు.
పదకొండేళ్ళు ఆడితే గోల్సు నాలుగు,
అందులో ఒకటి మన గోల్లోకే, తలకి తగిలి.
కాలికి ఊడిన గోళ్ళు మాత్రం
ఎవరూ లెక్క రాయలా.
రైల్వేలో దైవాదీనం,
కలకత్తాలో దీనూ దా,
గోవాలో రెండు వానాకాలాలు డీన్.
పేపర్లో ఒకసారి పడింది పేరు,
అచ్చుతప్పుతో,
ఎల్లో కార్డు తిన్నోళ్ళ వరసలో.
మెస్సులో ఆవనూనె వాసనకి మొదటి నెల ఏడ్చా.
పదో నెలకి అదే నూనె
మోకాలికి రుద్దుకుంటా ఉన్నా.

గోలు ఎవరు కొట్టారని అడుగుతారు జనం.
తెలిసినోడైతే పాసు ఎవరిదంటాడు.
ఆ పాసుకి ముందు పాసు నాది.
బంతి రాకముందే మెడ తిప్పి చూడాల,
ఎవడు ఎవణ్ణి వదిలేశాడో,
ఏ మూల ఎంత జాగా ఉందో.
చూసేదే పని.
తన్నేది ఆఖర్న.

మా నాయన ఒక్కసారే వచ్చాడు, రైల్వే పాసు మీద.
నెత్తిన తువ్వాలు, ఒళ్ళో శెనక్కాయల పొట్లం.
సున్నా సున్నా. వాన కూడా పడింది.
హౌరాకి నడిచినంతసేపూ మాటల్లేవు.
పెట్టె తలుపు కాడ నిలబడి,
ఎదురు లైను పాయింట్ల వైపు చూస్తా అన్నాడు:
"నీ కాడికొచ్చింది ఏదీ
నీ కాడ ఆగలేదురా."
తిట్టా మెప్పా అని అడిగేలోపల
బండి కదిలింది.

ఆ మాట పట్టుకొని చాలా ఏళ్ళు తిరిగా.
నిజమే, కాంట్రాక్టు డబ్బు ఆగలా.
కోచింగు ఉద్యోగం ఆగలా.
మోకాలికి కట్టు కట్టిన బెంగాలీ నర్సు,
పేరెందుకులే ఇప్పుడు,
ఆమె కూడా.
రెండో ఆపరేషనప్పుడు ఆయన పోయాడని తారొచ్చింది.
తార్లో రెండు మాటలే.
వాటిల్లో నాక్కావల్సింది లేదు.

ఇప్పుడు పొద్దున్నే
మస్తానమ్మ టీ బంకు కాడ బెంచీ నాది.
ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్సుకి
గ్లాసులో టీ వణుకుతుంది.
ఎదురుగా బీడులో హైస్కూలు ఆడపిల్లలు,
ఇటుకరాళ్ళే గోలుపోస్టులు.
నిన్న బంతి దొర్లుకుంటా నా చెప్పుల కాడికొచ్చింది.
లేవలా. గ్లాసు కింద పెట్టలా.
కాలు దానంతటదే తిరిగింది.
మోకాలు టక్కుమంది, పట్టా మారినట్టు.
బంతి ముగ్గురి మధ్య సందులోంచి పోయి
చివర ఒంటరిగా నిలబడ్డ
ఎర్రచొక్కా పిల్ల కాళ్ళకాడ చేరింది.

"ఓ తాతా! ఆ పిల్ల మా టీము కాదు!"
మిగతావాళ్ళు నడుం మీద చేతులేసుకొని
నా మీదికొచ్చారు.

తెలుసమ్మా, అన్నా.
ఆడ జాగా ఉండింది.

మస్తానమ్మ చల్లారిన టీ పారబోసి
ఇంకోటి పోసింది.
దానికీ డబ్బులు రాసుకుంది.