ఇచ్చే చోటు

సోహార్ ఆస్పత్రి, మూడో అంతస్తు, ఏసీ చలి.
డాక్టరమ్మ బుసైనా కాగితం మీద మనిషిని గీసింది,
ముక్కూ మొహమూ లేని మనిషిని.
నాలుగు చోట్ల ఇంటూ గుర్తులు పెట్టి
నా వైపు తిరిగింది: చెప్పు.

నేను వార్డులో దుప్పట్లు మార్చేదాన్ని.
రాయచోటి తెలుగు, పన్నెండేళ్ళ అరబ్బీ,
ఈ రెంటికీ నడుమ ఇవాళ ఆశన్న కన్ను,
అంటే కన్ను ఉండిన గుంత.
గ్రైండర్ చక్రం పగిలి పదిహేను నెలలు.
పెట్టిన ప్లాస్టిక్ కన్ను నిలవడం లేదు,
గుంత ముడుచుకుపోతోంది.
మొన్న క్యాంపు మెస్సులో పప్పన్నంలో పడిందట.
"కడుక్కొని పెట్టుకున్న" అన్నాడు, అంతే.

లోపల కొత్త పొర వేయాలి.
అది అంగట్లో దొరకదు, నీ ఒంట్లోంచే తీయాలి.
తీసే చోటుకి డాక్టరమ్మ ఒక మాట వాడింది.
దానికి తెలుగు తట్టక
"అప్పు ఇచ్చే చోటు" అన్నాను.
ఆశన్న ఉన్న కన్నుతో నన్ను చూసి
"మిత్తి ఎంత?" అన్నాడు.

తొడ చర్మం?
పొడిది. గుంతలో వెంట్రుకలు మొలుస్తాయి, వాసనేస్తుంది.
పిరుదు పక్కన కొవ్వు?
గుంత నిండుతుంది గానీ కొన్ని వారాలు సరిగా కూర్చోలేవు.
"స్టోర్ల పని మొత్తం కూసునుడే గద."
అంగిలి? నెల రోజులు కారం మానాలి.
తల అడ్డంగా ఊపాడు, మాట పూర్తికాక ముందే.
ఇక మిగిలింది కింది పెదవి, లోపలి వైపు.
కంటికి తడి కావాలి, ఆ తడి అక్కడుంది.
తీసిన చోట కుట్లు కూడా వద్దు, తనే పూడుకుంటుంది.

చాలాసేపు కాగితం మనిషినే చూశాడు.
"క్రేను కింద ఈలేసెటోణ్ణి అక్కా.
ఈల పోతదా?"

ఇప్పుడతన్ని ఈల వేయమని ఎవరూ అడగరు,
బోల్టులు లెక్కపెట్టే పనిలో పెట్టారు.
ఈలకి అరబ్బీలో మాట ఉంది, గుర్తు రాలేదు.
రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసి చూపించాను.
కారిడార్లో ఎవరో తలుపు తీసి చూశారు.
డాక్టరమ్మ పళ్ళన్నీ కనిపించేలా నవ్వి
పోదంది. కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటుందంది.

"మరి నేను మిరపకాయ కొరికితే కన్ను మండుతదా?"
ఇది మాత్రం నేను ఆమెకి చెప్పలేదు.

ఆ రాత్రి గదిలో పళ్ళు తోముకుంటూ
కింది పెదవి మడిచి అద్దంలో చూసుకున్నాను.
ఎర్రగా, తడిగా, సన్నటి నీలం నరాలతో.
నలభై నాలుగేళ్ళుగా నా నోట్లోనే ఉంది,
ఇదే చూడటం.