కాలువ పూడ్చిన రోజు

ఈ కాలువ మా నాన్న తవ్విందే.
కూలి మీటరుకింత.
రాత్రి రాని లాప్లాండ్ జూన్‌లో
ముఖానికి దోమతెర కట్టుకుని,
ఈ చిత్తడిని ఎండగడితే పైన్ అడవి లేస్తుందని
అటవీశాఖ వాళ్ళు చెబితే నమ్మి.

యాభై ఏళ్ళకి
నా భుజం దాటని పైన్లు లేచాయి.
ఇప్పుడు అదే శాఖ కూలికి
గట్టున పోసిన అదే మట్టితో
నేను పూడుస్తున్నాను.

రిస్తిన్ ముసలమ్మ చూడ్డానికి వచ్చింది.
కొడవలి తేలేదు.
"తుంగ రావాలిగా ముందు."

తన చిన్నతనంలో మోకాటి లోతు నీళ్ళలో కోసేవాళ్ళట.
కోసి, కొట్టి, దువ్వి, జడలా చుట్టి
చలికాలమంతా బూట్లలో కూరుకునేవాళ్ళట.
"మా ఐలుకి కాలివేళ్ళు పదీ మిగిలాయంటే
దీని చలవే."

కాలువ తాకని పడమటి అంచుకి తీసుకెళ్ళింది.
అక్కడి నీళ్ళలో ఏమీ లేదు.
పరీక్షకొచ్చిన అమ్మాయి సీసాని వెలుగుకి పట్టి
"వాననీటికన్నా కాస్త నయం" అందొకసారి.
ఆ కాస్తతోనే బతుకుతున్నాయివి,
పలచగా, దూరదూరంగా,
ఎవరి గంజి వాళ్ళు తాగే ఇళ్ళలా.
సన్నతుంగ ఏళ్ళ తరబడి పూయదు. పూత ఖర్చు.
మంచుచుక్క మొక్క ఎర్రటి వెంట్రుకలకి జిగురు రాసుకుని
దోమ కోసం కూర్చుంటుంది,
అప్పు పుట్టని చోట ఆకలి నేర్పిన పని.
పత్తిగడ్డి మాత్రం
ఉన్నదంతా దూది చేసి గాలికిచ్చేస్తుంది,
జీతం రోజున మా చిన్నాన్నలా.

ఓ కాడ తెంపి చేతిలో పెట్టింది.
"వేళ్ళ మధ్య దొర్లించు."
దొర్లలేదు. మూడు పలకలు.
చీలిస్తే లోపల గదులు గదులుగా గాలి.
నీట మునిగిన వేళ్ళకి
ఊపిరి పైనుంచే దించుతుందట.
ఆ వేళ్ళే చచ్చి, కుళ్ళక,
ఒకదానిమీద ఒకటి పేరుకుని ఈ నేల.
వెయ్యేళ్ళకి నా నడుము ఎత్తు.
నాన్న ఒక్క వారంలో కోసేశాడు దాన్ని.

యంత్రం ఆపాను.
పోయే దారి లేక నీళ్ళు కాసేపు తచ్చాడి
వెనక్కి తిరిగాయి,
పొట్టి పైన్ల మధ్యకి, ఎండిన నాచు మీదికి.
నాచు ముందు ఏమీ అనలేదు.
తర్వాత దాని రంగు మారింది.

బురదలో నాన్న కొలకర్ర దొరికింది.
కత్తితో చెక్కిన అంకె: నలభై ఒకటి.
నిన్న చెక్కినట్టుంది.
ఇక్కడ ఏదీ తొందరగా పోదు.

ఉంచుకోవాలా, తిరిగి పాతేయాలా
అడుగుదామని చూశాను.
రిస్తిన్ బూటు విప్పి
లోపలి గడ్డి తీసి
ఎండలో పరుచుకుంటోంది.