వంగడం

నవంబరు మూడో వారం. ఖువాలో
తోటలను పడుకోబెట్టే రోజులు.
ఇనోబత్ తలకు ఊలు గుడ్డ బిగించి
మొదటి చెట్టు నడుం మీద మోకాలు ఆనించింది.

ఫెర్గానా చలికాలాన్ని దానిమ్మ నిలబడి దాటలేదు.
కొమ్మలు కూడదీసి, జనపతాటితో కట్టి,
ఒక పక్కకు వంచి, మొక్కజొన్న చొప్ప కప్పి
మీద మూరెడు మట్టి పొయ్యాలి.
మార్చిలో మళ్ళీ తవ్వి లేపాలి.

అందుకే ఇక్కడ ఏ వంగడం మంచిదని అడిగితే
ఎవరూ ముందు పండు కోసి పెట్టరు.
ఎలా వంగుతుందో చెబుతారు.

"కజాకీ వెయ్యి వదినా, తోటంతా కజాకీయే"
అంటాడు మరిది మమరసూల్.
ఆయన మాట అబద్ధం కాదు.
అట్టపెట్టెలో వరసకు ఆరు, కొలిచి కాసినట్టు.
తోలు ఎరుపు, గింజ ఎరుపు,
తీపి చివర చిటికెడు పులుపు.
తాష్కెంట్ బేరగాడు బోతిర్‌జాన్
దాన్ని చూసినప్పుడే జేబులోంచి చెయ్యి తీస్తాడు.
కానీ ఆరేళ్ళు నిండిన కజాకీ ఎవరి మాటా వినదు.
వంచుతుంటే మొదట్లో ఎక్కడో
టప్‌మని చిన్న చప్పుడు.
అది విన్న రాత్రి ఇనోబత్‌కి అన్నం సహించదు.

తుయాతిష్ అంటే ఒంటె పన్ను.
గింజ నిజంగానే అంత ఉంటుంది,
జ్వరం దిగిన పిల్ల పెదవి రంగులో.
కొరికితే నీళ్ళలా తీపి, లోపల విత్తు ఉందో లేదో తెలియదు.
మనవలకు అదే కావాలి.
అక్టోబరులో ఒక్క వాన పడిందా,
చెట్టు మీదే పగిలి ఇకిలిస్తుంది.
పగిలిన పండును సంత కొనదు.
గోరింకలు కొంటాయి, డబ్బు ఇవ్వవు.

ఇక చివరి వరస, పదకొండు చెట్లు, అచ్చిక్ దొనా.
పుల్ల గింజ అని పేరులోనే ఒప్పేసుకుంది.
పండు చిన్నది, తోలు చెప్పు అట్ట,
ఎవరో తిడితే మాడిన మొహం.
తిన్నవాడు ఒక కన్ను మూసుకుని
రెండో కంటితో పెట్టినవాళ్ళను చూస్తాడు.
అయినా గడ్డి మీద పరిస్తే నవ్‌రూజ్ దాకా చెడదు.
పదిహేనేళ్ళ చెట్టు, ఇలా చెయ్యి వేస్తే
అలా ఒరుగుతుంది, అలసిన మనిషి మంచానికి ఒరిగినట్టు.

ఆ వరసే పీకాలంటాడు మమరసూల్.
తడి గోనెలో కజాకీ మొలకలు తెచ్చి గట్టు మీద పెట్టాడు.

కోడలు ఓయ్‌దీన్ కాలేజీ నుంచి
తీపి కొలిచే గొట్టం ఒకటి అరువు తెచ్చింది.
అద్దం మీద ఒక్కో చుక్క పిండి, ఎండకేసి చూసి,
కజాకీ పదహారు అంది.
ఒంటె పన్ను పదిహేనున్నర.
పుల్లదాన్ని పిండి చూసి, తుడిచి, మళ్ళీ పిండింది.
పద్దెనిమిది.

"అన్నిటికంటే చక్కెర దీంట్లోనే ఉందత్తా!
పులుపు అడ్డొచ్చి మనకు తెలియలేదు."
మమరసూల్ గొట్టం లాక్కుని తలకిందులుగా చూశాడు.
ఇనోబత్ చేతులకున్న మట్టి దులుపుకుంది.
"అద్దానికి నాలుక లేదమ్మా.
అయినా పద్దెనిమిదంటే బేరగాడు పెట్టెకు ఎంతిస్తాడు?"
ఎవరూ జవాబు చెప్పలేదు. పార పట్టుకున్నారు.

పొద్దు గుంకేలోగా మూడు వరసలూ మట్టి కిందికి వెళ్ళాయి.
గోనెలో మొలకలను కూడా ఆవిడే,
పుల్ల చెట్ల పక్కన గాడి తీసి పడుకోబెట్టింది.
పిల్లలు కదా, చలికి ఏం పాపం చేశాయి.

మట్టి కప్పాక ఏ గుట్ట ఏ వంగడమో
మమరసూల్ కూడా చెప్పలేడు.
ఇనోబత్‌కి మాత్రం ఒక్కటి తెలుసు:
రెండో వరసలో నాలుగోది, కజాకీ.
మధ్యాహ్నం అక్కడ చప్పుడైంది.
తలగుడ్డ చించి, విరిగిన చోట చుట్టి,
ఎవరికీ చెప్పకుండా
దాని మీద మాత్రం రెండు పారలు ఎక్కువ పోసింది.