నలభై శాతం

"వస్తాదా, రాదా? ఒక్క మాట సెప్పు"
అంటుంది వరహాలమ్మ,
డాబా మీద పాత చీర పరిచి, చేతిలో సగ్గుబియ్యం జావ గిన్నెతో.
నలభై శాతం, అంటాను.
"వడియానికి శాతాలేటే?
ఎండుతాది, నేదంటే బూజు పడతాది."

హుద్‌హుద్ నాడు మా పైరేకు
ఎవరింటి మీదకో వెళ్లిపోయినప్పటి నుంచీ
ఆకాశం వంక అనుమానంగా చూడటం అలవాటైంది నాకు.
పగలంతా కంచరపాలెం మెట్టలో జెరాక్సు మిషను ముందు.
ఇంటికొస్తే పిట్టగోడ మీద
మెడ కోసిన నీళ్ల సీసా, పక్కన స్కేలు,
కేబుల్ స్తంభానికి కట్టిన ఎర్ర రిబ్బను.
పాల లెక్కల పుస్తకంలో, పాలవాడు మానేశాక మిగిలిన పేజీల్లో:
ఏప్రిల్ పంతొమ్మిది. గాలి తూర్పు, మబ్బు పడమర. రాలేదు.
ఇరవై. రాలేదు.
ఇరవై మూడు. ఉరిమింది. రాలేదు.

మాకు వేసవి వాన సముద్రం వైపు నుంచి రాదు.
మధ్యాహ్నం రెండింటికి అనంతగిరి వెనక
మరిగిన పాలలా ఒకటి పొంగుతుంది.
మూడింటికి శృంగవరపుకోట. నాలుగింటికి కొత్తవలస.
అక్కడ మా ఊరి ఉప్పుగాలి దానికి ఎదురెళ్తుంది.
ఒక్కోసారి వెనక్కి నెట్టేస్తుంది.
ఒక్కోసారి ఆ గాలినే నిచ్చెన చేసుకుని
మబ్బు ఇంకా పైకెక్కుతుంది.
ఏ రోజు ఏదో
కైలాసగిరి మీది తెల్ల బంతికి కొంత తెలుసు,
వేట నిషేధంలో వలలు కుట్టుకునే గరికిన పోలయ్యకి ఇంకొంత.
ఇద్దర్నీ కలిపి, నా భయం కాస్త తీసేస్తే
నలభై వస్తుంది.

మే ఏడు, ఆదివారం.
ఢిల్లేశ్వరి పార్లర్ షట్టరు దించి స్కూటీ తీసింది.
దానికి మబ్బులతో పని లేదు,
వాటికి ముందొచ్చే ఆ చల్లగాలి ముఖానికి తగలాలి,
అంతే, అందుకు వంద రూపాయల పెట్రోలు పోస్తుంది.
వేపగుంట, పెందుర్తి, పినగాడి.
సబ్బవరం జీడితోటలు దాటేసరికి
పడమటంతా మసిబారిన వంటగట్టు.
దాని అంచు కింద దుమ్ము లేస్తోంది.
నేను ఫోను పైకెత్తాను.
మెరిసింది. లెక్కపెట్టాను: తొమ్మిది.
మళ్లీ: ఆరు.
ఫోను తెరలో, మూలన, తాడిచెట్టు.
దాని మొదట్లో ఒక మనిషి, మేకలు.

"బాబాయ్! తాడి కింద వద్దు!"
"ఏటి?"
"పిడుగు!"
"ఎప్పుడు?"

నోటిదాకా వచ్చింది నలభై.
"ఇప్పుడే" అన్నాను.

లేఅవుట్ ఆఫీసుకి తాళం. దాని వరండాలో
మేమిద్దరం, ఆయన, పద్నాలుగు మేకలు.
ఢిల్లేశ్వరి ముక్కు మూసుకుని నవ్వుతోంది.
ప్లాట్ల హద్దురాళ్ల మీద వడగళ్లు ఎగిరిపడ్డాయి,
ఒకదాన్ని చిన్న మేకపిల్ల కరకర నమిలేసింది.
రేకుల కింద చేతులతో చెవులు మూసుకునే నేను
వరహాలమ్మకి ఫోన్ చేసి అరిచాను:
"తీసెయ్యి పిన్నీ, ముప్పావు గంటలో అక్కడుంటది!"

ఇరవై నిమిషాలు. తర్వాత చినుకులు పలచబడ్డాయి.
పిడుగు ఎక్కడో పడింది, ఆ తాడి మీద మాత్రం కాదు.
ఆయన చెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.
"పడనేదు" అన్నాడు,
బాకీ గుర్తు చేసినట్టు మెల్లగా.
మేకల్ని తోలుకుంటూ వెళ్తూ, వెనక్కి తిరక్కుండానే:
"రేపో?"

గోపాలపట్నం వచ్చేసరికి రోడ్డు పొడి.
మబ్బు సింహాచలం కొండ అవతలే విడిపోయింది.
మెట్టలో గాలి కూడా లేదు, రిబ్బను వేలాడుతోంది.
వరహాలమ్మ మంచం కింద
తడి వడియాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.
ఆమె ఏమీ అనలేదు.
ఒక ముద్ద గోటితో గీరి నోట్లో వేసుకుని,
"ఉప్పు సరిపోయింది" అంది.

సీసాలో స్కేలు పెట్టి చూశాను, అలవాటుగా.
మే ఏడు. సబ్బవరంలో కొట్టింది. ఇక్కడ రాలేదు.
పెన్ను మూత పెట్టబోయి, మళ్లీ తీశాను:
తాడి నిలబడే ఉంది. పద్నాలుగూ ఉన్నాయి.