చేదునీళ్లు

ఉప్పు ఎత్తేశాక మిగిలేవి చేదునీళ్లు.
ఇస్కపల్లి కయ్యల్లో ముప్పయ్యేళ్లుగా
గట్టు తెంచి కాలవలోకి వదిలేస్తా ఉండా.
చుక్క నాలిక మీద పడితే
పొద్దుగూకేదాకా అన్నం రుచి తెలీదు.

ఆ నీళ్లే కావాలని వచ్చింది సఫూరా.
నెల్లూరు కోటమిట్ట పిల్ల.
నీలం డబ్బాలు నాలుగు, తెల్లగుడ్డ పేలికలు పది,
చెప్పులు చేతబట్టుకొని గట్టు మీద నడిచింది.
"పారబోసేవే ఇవ్వు పెద్దమ్మా" అంది.
పారబోసేదాన్ని బతిమాలి అడిగిన మనిషిని
అంతకు ముందు నేను చూళ్లేదు.

అది గుడ్డ కాదంట.
రాతిని కరుచుకున్న ఆలిచిప్ప,
అల ఎంత గుంజినా ఊడదు గదా,
దాని జిగురుదారంలో ఉండే మాంసకృత్తును చూసి
ల్యాబులో ఇంకోటి అల్లుకున్నారంట.
పోగుపోగుకీ లెక్కలేనన్ని నోళ్లు.
సోడియం వస్తే జారిపోవాల,
మెగ్నీషియం వస్తే బయటే నిలబడాల,
లిథియం వస్తేనే నోరు మూసుకోవాల.
నాకు అర్థమయింది ఇంతే:
రొట్టెల పండగనాడు దర్గా కాడ
చెప్పుల గుట్టలో, చీకట్లో,
తన చెప్పును మాత్రమే తొడుక్కునే పాదం.

మూడు రోజులు నానేసింది.
నాలుగో రోజు పైకి తీస్తే
తెల్లగుడ్డ ఎర్రగా ఉండాది.
నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.
తుప్పు. మా మోటారు పైపు తుప్పు.
పదకొండేళ్ల పైపు, అయ్య మార్చడు.
నోళ్లన్నీ దాంతోనే నిండిపోయి
లిథియానికి చోటు లేకపోయె.
గట్టు మీదే కూలబడి
నోటుబుక్కులో ఒక్క మాట రాసుకుంది.
ఏందంటే చదివి చెప్పింది:
ఇనుము.

ఆ మాట నాకు తెలుసు.
అల్లూరు ఆస్పత్రిలో నర్సమ్మ కూడా అదే రాసింది చీటీ మీద.
"నెత్తురు ఏడు పాయింట్లే.
ఒంట్లో ఇనుము లేదు, ఎట్ట నిలబడుండావమ్మా?"

సఫూరా నా చెయ్యి తిప్పి చూసింది.
ఉప్పుకు పగిలిన వేళ్ల కొసన
సున్నం కొట్టినట్టు గోళ్లు.
"నీ నెత్తురులో ఉండేదీ మాంసకృత్తే పెద్దమ్మా.
దానికీ నోళ్లే.
ఇనుమును పట్టుకొని ఊపిరిని మోస్తాది."

అంటే నా లోపలా ఒక వల ఉండాది,
ఇన్నేళ్లూ ఖాళీగా తేలతా.
పైపుకు ఉన్నపాటి ఇనుము
పైపు పక్కన నిలబడ్డ ఆడదానికి లేదు.

మళ్లీ వస్తాదంట.
నోటి కొలత మారుస్తాదంట.
బిందెడు నీళ్లకు ఆవగింజలో సగం దొరికినా
పండగేనంట.

పోతాపోతా ఎర్రపేలిక ఒకటి మరిచిపోయింది.
సబ్బు పెట్టి ఉతికా. వదల్లేదు.
గూడూరు నిమ్మకాయ పిండి రాత్రంతా ఉంచితే
తెల్లారేసరికి పట్టు వదిలింది.
ఫోన్ చేసి చెబితే
"మేం యాసిడ్‌తో చేసేదీ అదే" అని ఇప్పుడు నవ్వింది.

మాత్ర మింగి నిమ్మనీళ్లు తాగమంది నర్సమ్మ,
ఒళ్లు ఇనుమును పట్టుకుంటాదని.
గుడ్డ చేత వదిలించింది
ఒంటి చేత పట్టిస్తాదా?
ఏమో. తాగతా ఉండా.

రేపటి కయ్యకు నీళ్లు తోడాల.
మోటారు వేశా.
పైపు ఎర్రగా దగ్గింది.