ఉంచు, ఉంచుకో

గుణుపురం బస్టాండు పక్కన రేకుల కింద నా సైకిల్ స్టాండు.
రోజుకి ఐదు రూపాయలు, హెల్మెట్టుకి వేరే.
బడి విడిచాక లిప్సా నా బల్ల మీదే హోంవర్కు చేస్తుంది
ఐదుంబావు బస్సు వచ్చేదాకా.

"మౌసా, కీప్ అంటే ఏటి?"
ఇంట్లో వాళ్లది ఒడియా. నాతో మాత్రం
వచ్చినంత తెలుగు, రానిది చేతులతో.
నేను నోరు తెరిచేలోపు
"రఖిబా" అని తనే రాసేసుకుంది.
డబ్బులు రఖ, మాట రఖ, మేకని రఖ,
వాళ్లకి ఒక్క మాటతో సరి.

నా భాషలోకి వచ్చేసరికి గోనె చిరిగింది.
డబ్బైతే దాచాలి.
మాటైతే నిలబెట్టాలి.
మేకనైతే పెంచాలి, కొట్టునైతే నడపాలి,
ఉపవాసం ఉండాలి,
నోరు... మూసుకోవాలి.
"ఇన్నా?" అంది పిల్ల, పెన్సిలు చివర కొరుకుతూ.
నేనేం చేసేది,
మావాళ్లు ప్రతి పనికీ వేరే మనిషిని పెట్టారు.

అంతలో పర్లాకిమిడి బస్సు రోడ్డెక్కుతుంటే
ఎవరో లుంగీ ఎత్తి పట్టుకుని వెనకాల పరుగు:
"రఖ! రఖ!"
అంటే ఆపమని.
లిప్సా పుస్తకంలో మాత్రం కీప్ గోయింగ్,
ఆగకుండా పొమ్మని.
ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు ఆగింది లెండి.

నవ్వయ్యాక నా చూపు మూలకెళ్లింది.
టోకెన్ నలభై ఒకటి. నీలం సైకిలు.
ఇంజినీరింగు కుర్రాడు సౌమ్యకాంత
ఆఖరి పరీక్ష రాసి, ట్రంకుపెట్టె భుజానేసుకుని
రైలుకి పరిగెడుతూ
తాళం నా బల్ల మీదికి గిరాటేశాడు.
"అంకుల్, కీప్ ఇట్!"
నాలుగు వానాకాలాలు వెళ్లాయి.

ఉంచమన్నాడా, ఉంచుకోమన్నాడా?
తెలుగులో అనుంటే
చివర 'కో' తగిలించేవాడు, లేదా మానేసేవాడు,
ఆ ఒక్క అక్షరంతో సైకిలు ఎవరిదో తేలిపోయేది.
ఒడియాలో అన్నా 'రఖినిఅ' అని తోక ఉండేది.
పోయి పోయి ఇంగ్లీషులో అన్నాడు,
అదీ పరిగెడుతూ.

ఉంచమన్నాడేమోనని వారం వారం గాలి కొడతాను,
చైనుకి నూనె వేస్తాను,
పుస్తకంలో రోజుకి ఐదు చొప్పున రాస్తూ వచ్చాను.
బాకీ ఇప్పుడు సైకిలు ఖరీదు దాటింది.
ఉంచుకోమన్నాడేమోనని
మొన్న ఎండాకాలం ఒక రాత్రి, స్టాండు మూశాక,
ఒకే ఒక్కసారి ఎక్కాను.
వంశధార వంతెన దాకా వెళ్లాను, గాలి బాగుంది.
సీటు మాత్రం నాకు ఎత్తు.
దించుదామని పానా తీసి, బోల్టు మీద పెట్టి,
మళ్లీ సొరుగులో పడేశాను.
ఆ రాత్రికి ఐదు రూపాయలు వేయలేదు.

లిప్సా బస్సు వచ్చింది.
పరుగులో రబ్బరు మర్చిపోయింది,
ఒక మూల కొరికిన రబ్బరు.
పానా పక్కనే పెట్టాను.